పాట కొనుక్కోవాలా, చందా కట్టాలా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: పాటలు వినే యాప్‌లకి నెలనెలా డబ్బు కడుతున్నాం, ఇది మంచిదేనా, లేక పాటలు కొనుక్కోవడం మేలా అని. అందుకే వేరే ప్రశ్నల్ని పక్కన పెట్టి మొత్తం శీర్షిక దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: కొన్నేళ్లుగా ఒక మ్యూజిక్ యాప్‌కి నెలనెలా కడుతున్నాను. పాత పాటలన్నీ ఏరి ఒక ప్లేలిస్ట్ చేసుకున్నాను, రాత్రి పడుకునే ముందు అదే వింటాను. ఈమధ్య అందులో కొన్ని పాటల పేర్లు మసకబారిపోయాయి, నొక్కినా పలకడం లేదు. అడిగితే "ప్రస్తుతం అందుబాటులో లేదు" అన్నారు. డబ్బు కడుతున్న పాట ఎలా పోతుంది సార్? మా అబ్బాయేమో "ఇంకో యాప్‌లో ఉంటుందిలే నాన్నా" అంటున్నాడు.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీరు డబ్బు కడుతున్నది ఆ పాటకి కాదండీ. ఈ నెల ఆ యాప్‌లో ఏమేం ఉంటే అవి వినడానికి కడుతున్నారు, అంతే. పాట హక్కులు మ్యూజిక్ కంపెనీ దగ్గర ఉంటాయి, యాప్ వాళ్లు ఆ కంపెనీతో కొంతకాలానికి ఒప్పందం చేసుకుంటారు, గడువు అయిపోయి కొత్త రేటు కుదరకపోతే పాటలు ఒక్కసారిగా వెళ్లిపోతాయి. ఇది తెలుగు పాట అభిమానికి చిన్న విషయం కాదు, ఎందుకంటే మన పాత పాటల్లో పెద్ద వాటా ఒకప్పటి హెచ్‌ఎంవీది, అంటే ఇప్పటి సారెగమాది. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చింది. రెండు నెలలకే సారెగమా ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది, ఆ పాటలు యాప్‌లోంచి పోయాయి, మళ్లీ ఇద్దరికీ ఒప్పందం కుదిరింది 2020 జూన్‌లో. ఏడాదికి పైగా అక్కడ వెతికినవాళ్లకి ఆ పాటలు దొరకలేదు. 2023 మార్చిలో జీ మ్యూజిక్ పాటలకీ ఇలాగే జరిగింది. వ్యాపారంలో ఇలాంటి పేచీలు వస్తూనే ఉంటాయి, ఎవరిది తప్పో తేల్చడం మన పని కాదు. కానీ ఆ పేచీలో నష్టపోయేది మాత్రం రాత్రి పడుకునే ముందు ఆ పాట కోసం చూసే మనిషి.

"నేను డౌన్‌లోడ్ చేసుకున్నాను కదా" అని చాలామంది అనుకుంటారు. యాప్‌లో డౌన్‌లోడ్ అంటే ఫోన్లోకి ఒక పాట ఫైలు రావడం కాదు. తాళం వేసిన ముక్కలుగా వస్తుంది, ఆ యాప్ తప్ప ఇంకేదీ దాన్ని తెరవలేదు. స్పాటిఫైలో అయితే 30 రోజులకి ఒకసారైనా ఇంటర్నెట్‌కి కలపాలి, లేకపోతే డౌన్‌లోడ్లు పనిచేయవు. చందా ఆగిపోతే ఆ క్షణమే కాకపోయినా త్వరలోనే అన్నీ మూగబోతాయి. ఫోన్లో జాగా మాత్రం మీదే ఖర్చవుతుంది.

మీ అబ్బాయి చెప్పింది సగం నిజం. ఇంకో యాప్‌లో ఉండొచ్చు. కానీ ఎన్ని యాప్‌లకి కడతారు? పైగా ప్లేలిస్ట్ దానంతట అది మీతో రాదు, మళ్లీ మొదటి నుంచి ఏరుకోవాల్సి రావచ్చు. అందుకని ముందు ఈ రాత్రే ఒక పని చేయండి, ప్లేలిస్ట్‌లో ఉన్న ప్రతి పాట పల్లవి, సినిమా పేరు, పాడినవాళ్లు, సంగీతం ఎవరిదో ఒక నోటుబుక్కులో రాసుకోండి, లేదా కనీసం స్క్రీన్‌షాట్లు తీసుకోండి. కొన్నిసార్లు పాటతో పాటు దాని పేరు కూడా జాబితాలోంచి మాయమవుతుంది, అప్పుడు ఏది పోయిందో కూడా గుర్తురాదు. ఆ తర్వాత ఆ జాబితాలోంచి, లేకపోతే ఉండలేను అనిపించే పాటలు వేరు చేయండి. ఎంత పెద్ద అభిమానికైనా అవి రెండు మూడు వందలు దాటవని నా నమ్మకం. వాటిని మాత్రం కొనుక్కుని ఫైలుగా మీ దగ్గర పెట్టుకోండి. మిగతా సముద్రం మొత్తానికి చందా చాలు.

లెక్క కూడా చూడండి. నెలకి 120 రూపాయల చందా అనుకుంటే ఏడాదికి 1,440. పాట 15 రూపాయలు అనుకుంటే అదే డబ్బుకి 96 పాటలు మీ సొంతం. రెండు మూడేళ్ల చందా డబ్బుతో మీ ప్రాణప్రదమైన పాటలన్నీ జీవితాంతం మీ దగ్గరే ఉంటాయి. అలాగని చందా దండగ అని నేను అనను. పెండ్యాల నాగేశ్వరరావు సంగీతంలో ఒక పాట నచ్చి, ఆ సాయంత్రమే ఆయనవి ఇంకో పాతిక వినగలగడం అనేది క్యాసెట్ల రోజుల్లో కలలో కూడా లేదు. కొత్తవి వెతుక్కోవడానికి చందాని మించింది లేదు. దాచుకోవడానికి మాత్రం అది పనికిరాదు.

ప్రశ్న: కొనుక్కోమని మీరు ఇదివరకు కూడా రాశారు. ఎక్కడ కొనాలి? ఒకప్పుడు మన దేశంలో పాటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణాలు ఉండేవి కదా, అవన్నీ ఏమయ్యాయి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు ధన్యవాదాలు, ఎందుకంటే నాకు ఎక్కువ బాధ కలిగించే సంగతి ఇదే. ఫ్లిప్‌కార్ట్ వాళ్లు 2012 ఫిబ్రవరిలో ఫ్లైట్ అని ఒక దుకాణం తెరిచారు. ఏ తాళమూ లేని ఎంపీ3 పాటలు, పది పదిహేను రూపాయల స్థాయిలో. డౌన్‌లోడ్ చేసుకున్నాక కంప్యూటర్లో వినొచ్చు, ఫోన్లో వేసుకోవచ్చు, కారులో పెట్టుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. 2013 జూన్‌లో మూసేశారు, ఏడాదిన్నర కూడా నడవలేదు. వాళ్లు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనవి రెండు: పైరసీ ఒకటి, చిన్న చిన్న మొత్తాలు సులువుగా కట్టే దారి లేకపోవడం ఇంకొకటి. నిజమే, పది రూపాయల పాట కోసం కార్డు నంబరు కొట్టి, పాస్‌వర్డ్ కొట్టి, ఓటీపీ కోసం ఎదురుచూసే ఓపిక ఎవరికి ఉంటుంది? అదే సమయంలో వీధి చివర మొబైల్ షాపులో పది ఇరవై రూపాయలకి మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు.

ఆ తర్వాత మూడేళ్లకి, 2016లో యూపీఐ వచ్చింది. ఇప్పుడు పది రూపాయల టీకి కూడా ఫోన్ చూపిస్తున్నాం. అంటే, ఆ దుకాణం ఏ అడ్డంకుల వల్ల మూతపడిందో వాటిలో ఒకటి తీరిపోయింది. కానీ అమ్మేవాళ్లు తిరిగి రాలేదు, అప్పటికి అందరూ చందా వైపు తిరిగిపోయారు. మన మ్యూజిక్ కంపెనీలు ఇవాళ ఒక్కొక్కటీ తమ సొంత సైట్లో పాటకి ఇంత అని పెట్టి, పక్కన ఒక క్యూఆర్ కోడ్ పెడితే చాలు, నేను మొదటిరోజే కొనేవాళ్లలో ఉంటాను, నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారని ఈ ఉత్తరాలే చెబుతున్నాయి.

పాటలు అమ్మిన ఇంకో దుకాణం గూగుల్ ప్లే మ్యూజిక్‌ని 2020 చివర్లో ఆపేశారు. కొన్న పాటల్ని యూట్యూబ్ మ్యూజిక్‌కి మార్చుకోమని, లేదా దించుకోమని గడువు ఇచ్చారు, 2021 ఫిబ్రవరి దాటాక అక్కడ మిగిలినవి తీసేశారు. గడువులో దించుకున్నవాళ్ల దగ్గర ఫైళ్లు ఇప్పటికీ పలుకుతున్నాయి. చందా యాప్‌ల సంగతి కూడా అంతే లెండి, రెసో 2024 జనవరిలో మన దేశంలో ఆగిపోయింది, ఎయిర్‌టెల్ వాళ్ల వింక్ అదే ఏడాది మూతపడింది. తేడా ఒక్కటే. దుకాణం మూసేసినా, కొని దించుకున్న ఫైలు మిగిలింది. యాప్ మూసేసినప్పుడు పాట ఒక్కటీ మిగలదు.

ఇప్పుడు కొనాలంటే ముందుగా చూడాల్సింది ఐట్యూన్స్ స్టోర్. 2012 డిసెంబర్‌లో మన దేశానికి వచ్చింది. ఆపిల్ మ్యూజిక్ అనే చందా సేవ వేరు, ఐట్యూన్స్ స్టోర్ వేరు, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఐఫోన్ లేకపోయినా విండోస్ కంప్యూటర్లో ఐట్యూన్స్ వేసుకుని కొనొచ్చు. వచ్చే ఫైలు 256 కేబీపీఎస్ (సెకనుకి ఇన్ని కిలోబిట్లు అని, నాణ్యతకి కొలత) ఏఏసీ, అంటే ఎంపీ3 లాంటి ఇంకో రకం, తాళం ఉండదు, ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా పలుకుతుంది. సినిమాలకి బయట సొంతంగా సంగీతం చేసుకునేవాళ్ల పాటలకి బ్యాండ్‌క్యాంప్ అనే సైట్ చూడండి, అక్కడ ఎంపీ3 కావాలో, నాణ్యత ఏమాత్రం తగ్గించని ఫ్లాక్ ఫైలు కావాలో మీరే ఎంచుకోవచ్చు. ఇక మూడో దారి పాత సీడీలు. హైదరాబాద్ కోఠీ ఫుట్‌పాత్‌ల మీద, పాత పుస్తకాల దుకాణాల్లో, మూసేస్తున్న మ్యూజిక్ షాపుల్లో ఇంకా కనిపిస్తుంటాయి. ఒరిజినల్ ఆడియో సీడీ కనిపిస్తే వదలకండి.

ప్రశ్న: ఫ్లాక్ అంటున్నారు, 320 అంటున్నారు. నిజంగా తేడా తెలుస్తుందా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: 128 కేబీపీఎస్‌కీ 320కీ తేడా తెలుస్తుంది, ముఖ్యంగా కంచు తాళాల చప్పుడు, వయొలిన్ల గుంపు వచ్చే చోట. 320కీ ఫ్లాక్‌కీ మధ్య తేడా, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో, బైకు మీద, బస్సులో వినేవాళ్లకి తెలియదనే నా అభిప్రాయం. అయిదు నిమిషాల పాట 320లో 12 ఎంబీ ఉంటుంది, ఫ్లాక్‌లో సుమారు 30. అంటే 64 జీబీ కార్డులో 320 నాణ్యత ఉన్న పాటలు అయిదు వేలు పడతాయి. వినడానికి 320 చాలు. కానీ మీ సొంత సీడీ నుంచి తీసి దాచిపెడుతుంటే మాత్రం ఫ్లాక్‌లోనే తీయండి, దాన్నుంచి తర్వాత ఏదైనా చేసుకోవచ్చు. వెనక్కి వెళ్లడం మాత్రం కుదరదు, 128ని 320గా మారిస్తే ఫైలు లావవుతుంది తప్ప పాట బాగుపడదు. "వంద పాటల ఎంపీ3 సీడీ" అని వచ్చినవాటి నాణ్యత చాలావరకూ తక్కువే, వాటిని ఆడియో సీడీలుగా లెక్కపెట్టకండి.

ప్రశ్న: మేము చాలాకాలంగా సాన్‌హోసెలో ఉంటున్నాం. ఇక్కడి ఆపిల్ అకౌంట్‌తో తెలుగు ఆల్బమ్‌లు చాలా కొన్నాను. వచ్చే వేసవికి హైదరాబాద్ వచ్చేస్తున్నాం. అకౌంట్ ఇండియాకి మార్చుకుంటే నా పాటలు నాతో వస్తాయా అండీ?
– ఒక పాఠకురాలు, కాలిఫోర్నియా

జవాబు: దేశం మార్చకముందే అన్నీ కంప్యూటర్లోకి దించుకోండమ్మా. ఇది మాత్రం రేపు మాపు అని వాయిదా వేయకండి. ఒక్కో దేశం స్టోర్ వేరు, అమెరికా స్టోర్లో కొన్న ఆల్బమ్ ఇండియా స్టోర్లో లేకపోతే మళ్లీ దించుకునే వీలు ఉండకపోవచ్చు. దించుకున్న ఫైలుకి మాత్రం దేశంతో పని లేదు. ఐట్యూన్స్‌లో "పర్చేజ్డ్" అన్న చోట ఇప్పటిదాకా కొన్నవన్నీ కనిపిస్తాయి, అక్కడి నుంచి మొత్తం దించి ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులో వేసుకోండి. ఇంకో మాట, 2009కి ముందు కొన్న పాటలు కొన్నిటికి అప్పటి తాళం ఉండొచ్చు, ఫైలు పేరు చివర ఎం4పీ అని ఉంటే అది తాళం వేసిందే. 2009 నుంచి ఆపిల్ పాటలకి ఆ తాళం తీసేసింది. అలాంటివి ఉంటే అక్కడుండగానే తాళం లేని ఫైలు దొరుకుతుందేమో చూసుకోండి.

మీ రాష్ట్రంలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది, గమనించే ఉంటారు. డిజిటల్ సరుకు అమ్మేవాళ్లు, కొన్నవాళ్లకి ఇస్తున్నది లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా "బై" (కొనండి) అన్న మాట వాడకూడదు. ఎప్పటికీ మన దగ్గరే ఉండేలా ఫైలు దించుకోనిచ్చేవాళ్లకి ఆ చట్టం నుంచి మినహాయింపు ఉంది. చూడండి, దించుకోగలగడం ఎంత ముఖ్యమో చట్టం చేసినవాళ్లు కూడా గుర్తించారు. మన దేశంలోనూ ఇలాంటిది రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ప్రశ్న: చందా కడితే ఆ డబ్బు నాకిష్టమైన గాయనికి వెళ్తుందా? కొంటే ఎక్కువ వెళ్తుందా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: మీరు కట్టే చందా మీరు విన్న గాయనికి నేరుగా వెళ్లదు. ఎక్కువ యాప్‌లలో దేశంలో అందరూ కట్టిందీ, ప్రకటనల మీద వచ్చిందీ కలిపి ఒక రాశి పోస్తారు, మొత్తం వినికిడిలో ఎవరి పాటలు ఎంత శాతమో చూసి దాని ప్రకారం హక్కుదారులకి పంచుతారు. మీరు నెలంతా ఒక్క గాయని పాటలే విన్నా, మీ డబ్బులో ఎక్కువ భాగం దేశమంతా మోగుతున్న కొత్త హిట్లకే పోతుంది. నాకు ఇది న్యాయంగా అనిపించదు. నేను విన్నవాళ్లకే నా డబ్బు చేరాలి అని అడగడం అత్యాశ కాదు కదా. దీనికి తోడు స్పాటిఫైలో 2024 నుంచి, ఏడాదిలో వెయ్యిసార్లయినా వినని పాటకి ఆ రికార్డింగ్ డబ్బు రాదు. పల్లె పాటలు, పద్యాలు, హరికథలు రికార్డు చేసి పెట్టుకున్న చిన్న కళాకారులకి ఇది దెబ్బే.

సినిమా పాట సంగతి వేరు. అక్కడ రికార్డింగ్ హక్కు ఆడియో కంపెనీది, ఆదిత్య, లహరి, సారెగమాల్లో ఏది అన్నది సినిమాని బట్టి ఉంటుంది. మీరు కొన్నా, చందా కట్టినా ముందు డబ్బు చేరేది వాళ్లకే. అయితే 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ వల్ల పాట రాసినవారికీ, స్వరపరిచినవారికీ రాయల్టీలో వాటా హక్కుగా వచ్చింది, ఒప్పందంలో సంతకం పెట్టించుకుని దాన్ని లాగేసుకోవడం కుదరదు. ఆ వసూలు ఐపీఆర్ఎస్ అనే సంస్థ చూస్తుంది. గాయనీ గాయకులకి కూడా రాయల్టీ హక్కు ఉంది, వాళ్ల సంఘం 2013లో ఏర్పడింది. కాబట్టి పాటని న్యాయమైన చోట వినడమే మొదటి మేలు.

మీ గాయని సినిమాలకి బయట సొంత ఆల్బమ్ చేసి ఉంటే మాత్రం కొనండి, సందేహించొద్దు. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం తీసుకుంటుంది, పేమెంట్ ఖర్చులు పోగా మిగతాది కళాకారుల చేతికి వెళ్తుంది. అక్కడ "బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే" అని ప్రకటించిన రోజుల్లో ఆ 15 శాతం కూడా తీసుకోరు. 2020లో కరోనా వచ్చి కచేరీలు ఆగిపోయినప్పుడు మొదలుపెట్టారు. ఒక ఆల్బమ్ కొన్న డబ్బుకి సరిపడా ఆదాయం స్ట్రీమింగ్‌లో రావాలంటే ఆ పాటల్ని ఎన్ని వేలసార్లు వినాలో ఊహించండి.

ప్రశ్న: యూట్యూబ్‌లో అన్నీ ఫ్రీగా ఉన్నాయి. దీనికింత చర్చ ఎందుకు?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: కంపెనీ అధికారిక చానల్లో వింటే ప్రకటనల డబ్బు వాళ్లకి వెళ్తుంది, తప్పు లేదు, వినండి. కానీ ఎవరో అభిమాని పెట్టిన అరుదైన పాట ఒక ఫిర్యాదుతో పోతుంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం లలితగీతాల్లో, భక్తిరంజనిలో కొన్నిటిని నేను అలాంటి చానళ్లలో తప్ప ఇంకెక్కడా చూడలేదు. అలాంటివి ఇంట్లో క్యాసెట్ మీద ఎవరి దగ్గరైనా ఉంటే, అవి అరిగిపోకముందే కంప్యూటర్లోకి ఎక్కించండి. టేప్‌రికార్డర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటర్‌కి ఒక తీగ, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఇవి చాలు.

ప్రశ్న: మా నాన్నగారికి ఎనభై దాటాయి. ఘంటసాల పాటలు తప్ప ఏమీ వినరు. ఫోన్లో యాప్ పెట్టిచ్చాను. ఏదో నొక్కుతారు, ప్రకటనలు వస్తాయి, లేకపోతే అదే పాట ఎవరో కొత్తగా పాడింది వస్తుంది, చిరాకుపడి పక్కన పడేస్తారు. ఇంట్లో పాత సీడీలు ఓ అట్టపెట్టె నిండా ఉన్నాయి, ప్లేయర్ పాడైపోయింది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ నాన్నగారికి యాప్ వద్దమ్మా. సీడీలు ఉన్నాయి కాబట్టి మీరు ఇప్పటికే కొన్నవాళ్లు, అందులోవి తీసి పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి. సొంత వాడకానికి చట్టంలోని 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది, ఆ కాపీలు అమ్మకండి, ఊరంతా పంచకండి, అంతే. కొత్త ల్యాప్‌టాప్‌లకి సీడీ డ్రైవ్ ఉండటం లేదు, యూఎస్‌బీకి తగిలించే డ్రైవ్ వెయ్యి, పదిహేను వందల్లో దొరుకుతుంది. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, గీతలు పడ్డ సీడీలని కూడా ఓపిగ్గా మళ్లీ మళ్లీ చదివి తీస్తుంది. సీడీ మీద దుమ్ము, మరకలు ఉంటే మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడవకండి.

అసలు పని పేర్లు పెట్టడంలో ఉంది. యాప్‌లలో పాత తెలుగు పాటకి పేర్లు ఎంత అన్యాయంగా ఉంటాయో మీరు చూసే ఉంటారు. ఘంటసాల పేరు కొడితే ఆయన ఇతరుల సంగీతంలో పాడినవీ, ఆయన స్వరపరిస్తే సుశీల, లీల పాడినవీ కలగలిసి వస్తాయి. ఒకే పాట ఏవేవో సంకలనాల కింద నాలుగైదు చోట్ల ఉంటుంది. మీ సీడీ అట్ట లోపలి కాగితం తీసి చూడండి, సినిమా, సంగీతం, రచన, గాయకులు వరసగా ఉంటాయి. అదే క్రమంలో ఫైలు పేరు పెట్టండి, ముందు పల్లవి, తర్వాత సినిమా, సంగీత దర్శకుడు, గాయకులు. తెలుగు లిపిలో పెడితే చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ కొన్ని స్పీకర్ల తెర మీద తెలుగు అక్షరాలు డబ్బాల్లా కనిపిస్తాయి, అందుకని ముందు ఒక పాటతో పరీక్షించండి. పద్యాలు ఒక ఫోల్డర్, యుగళగీతాలు ఒకటి, భక్తి పాటలు ఒకటి. వినడానికి పెన్‌డ్రైవ్ పట్టే పెద్ద బటన్ల స్పీకర్ కొనండి, తెరతో పని లేకుండా ముందుకీ వెనక్కీ నొక్కుకుంటారు. ఇదంతా మీ వల్ల కాదనుకుంటే సారెగమా వాళ్ల కారవాన్ ఉంది, పాటలు ముందే నింపి వస్తుంది, తీసుకునేముందు తెలుగు పాటలున్న మోడల్ అవునో కాదో చూసుకోండి. కానీ మీ నాన్నగారు ఏరి కొనుక్కున్న సీడీల్లో ఉన్నవన్నీ అందులో ఉంటాయని హామీ లేదు, కాబట్టి నా ఓటు పెన్‌డ్రైవ్‌కే. పెన్‌డ్రైవ్‌లు చెప్పాపెట్టకుండా పోతుంటాయి, రెండోది ఒకటి చేసి మీ బీరువాలో ఉంచండి, సీడీలు పారేయకండి.